పిలువని పేరంటములు

పిలువని పేరంటమునకు పోరాదని పెద్దలు చెప్పుదురు. కాని నేడు మన ఈ-మెయిలు పెట్టెలలో ప్రతిదినము చేరునవి పిలువని ఉత్తరములే. వీటికే స్పామ్ అని పేరు. వీటిని అరికట్టుట ఎట్లు? మనము పంపు మంచి ఉత్తరము వీటితోపాటు చెత్తబుట్ట పాలు కాకుండుట ఎట్లు? ఈ రెండును నిజమునకు ఒకే ప్రశ్న.

1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థుయెర్క్ తమ కంప్యూటర్లను గూర్చిన ప్రకటనను ఆర్పానెట్‌లోని దాదాపు 400 మందికి పంపెను. స్పామ్ చరిత్రకు ఇదియే నాంది. 1982లో ఉత్తరముల రవాణాకు ఎస్.ఎం.టి.పి. అను నియమావళి ఏర్పడెను. ఆనాడు దీనిని వాడువారు కొలదిమంది. కావున పంపినవాని పేరు నిజమా అని విచారించు ఏర్పాటు అందు లేకపోయెను. కవరుపై ఎవరి పేరైనను వ్రాసి టపాలో వేయవచ్చును గదా! ఇదియు అట్టిదే. పైగా తపాలా బిళ్ల ఖర్చు కూడ లేదు.

ఈ లోపమును పూరించుటకు మూడు ఉపాయములు వచ్చినవి. ఒక సంస్థ పేరున ఏ సర్వర్లు ఉత్తరములు పంపవచ్చునో తెలుపు జాబితా ఎస్.పి.ఎఫ్. పంపు సంస్థ రహస్య సంకేతముతో వేయు ముద్ర డి.కె.ఐ.ఎం.; ముద్ర వేసిన భాగము దారిలో మారినచో అది చెల్లదు. ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో ముందుగా తెలుపు ప్రకటన డి.మార్క్, ఇది 2012లో వెలువడెను. 2024 ఫిబ్రవరి నుండి జీమెయిల్ ఖాతాలకు దినమునకు 5000కు పైగా ఉత్తరములు పంపువారికి గూగుల్ సంస్థ ఈ మూడింటిని విధించెను. ప్రకటనల ఉత్తరములు వద్దనువారు ఒక్క నొక్కుతో తప్పుకొను వీలు ఉండవలెను. స్పామ్ అను ఫిర్యాదులు వెయ్యింటికి మూడుకు చేరరాదు.

అయితే ముద్రలు మాత్రమే చాలవు. వంచకుడును తన సొంత పేరున ఈ ముద్రలను పొందగలడు. ముద్ర పంపినవాడెవరో తెలుపును. అతడు మంచివాడా అనునది అతని నడవడి తెలుపును. కొనుగోలు చేసిన చిరునామాలకు వ్రాయుట, మూతపడిన ఖాతాలకు మరల మరల పంపుట, వద్దన్నవారిని విడువకుండుట పేరును చెరచును. పేరు చెడిన పిదప సత్యమైన ఉత్తరమును కూడ ఎవరును లోనికి రానీయరు.

ఇది వ్యాపారులకు మాత్రమే సంబంధించినది కాదు. ఉపకారవేతనపు గడువును తెలుపు ఉత్తరము స్పామ్ అరలో పడియుండిన, పేద విద్యార్థికి ఒక సంవత్సరపు చదువే ఆగిపోవచ్చును. కావున కళాశాలలు తమ సొంత డొమైను పేరుననే వ్రాయవలెను. ప్రవేశ సమయముననే విద్యార్థి సమ్మతితో చిరునామా తీసికొని, చెల్లని వాటిని ఏటేట తొలగింపవలెను. విద్యార్థులు దరఖాస్తుల కాలములో స్పామ్ అరను కూడ చూచి, అందు మంచి ఉత్తరము కనిపించిన ‘స్పామ్ కాదు’ అని గుర్తు పెట్టవలెను. ఆ చిన్న గుర్తు తోటివారి ఉత్తరములకు కూడ దారి చూపును.