కెమెరా ముందు చర్మం రంగు

2017 ఏప్రిల్ మొదటి వారం. అల్ జజీరా చానల్లో 'ద స్ట్రీమ్' కార్యక్రమం. నడిపిస్తున్నది నైజీరియా మూలాలున్న బ్రిటిష్ జర్నలిస్టు ఫెమి ఓకే. గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల మీద గుంపులు దాడి చేసి రెండు వారాలు కూడా కాలేదు. భారతీయుల్లో జాతి వివక్ష ఉందా అన్నది చర్చ. ఉందన్నారు బెంగళూరు ఫొటోగ్రాఫర్ మహేష్ శాంతారామ్. లేదన్నారు బీజేపీ నేత, రాజ్యసభ మాజీ సభ్యుడు తరుణ్ విజయ్. అంతటితో ఆగకుండా రుజువు కూడా చూపించబోయారు. వివక్షే ఉంటే దక్షిణాది వాళ్లతో ఎందుకు కలిసి బతుకుతాం, మా చుట్టూ నల్లవాళ్లు ఉన్నారు కదా అన్నారు. తమిళ, కేరళ, కర్ణాటక, ఆంధ్ర అని పేరుపేరునా చెప్పారు.

ఆయన విడివిడిగా చెప్పిన కర్ణాటక, ఆంధ్ర రెండూ బెంగళూరు పక్కనున్న మా హొసకోటెలో ఒకే గడపలో ఉంటాయి. ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ, చుట్టరికాలేమో కోలారు, చిత్తూరు దాకా. ఇక్కడి తెలుగువాళ్లకు ఆ మాట రెండు వైపుల నుంచీ తగులుతుంది.

కలిసి బతుకుతున్న ఆ 'మేం' ఎవరని కాంగ్రెస్ నేత చిదంబరం నిలదీశారు. లోక్‌సభ దద్దరిల్లింది. తన ఉద్దేశం వేరని చెబుతూ తరుణ్ విజయ్ క్షమాపణ కోరారు. తమిళుల తిరుక్కురళ్‌ను ఉత్తరాదిలో ప్రచారం చేసిన మనిషి ఆయన. దక్షిణాది మీద ఆయనకు అభిమానం లేదని అనలేం. బాధ కూడా అక్కడే ఉంది. అభిమానించే మనిషి లెక్కలో కూడా మనం పక్కవాళ్లమే, ఇంటివాళ్లం కాదు.

రాసిచ్చే ప్రకటనలో తరుణ్ విజయ్ అన్నలాంటి వాక్యం ఉండదు, ఎవరో ఒకరు చదివి కొట్టేస్తారు. కాదనే మనిషి ఎదురుగా ఉన్నప్పుడు తడుముకుని చెప్పే ఉదాహరణలోనే లోపలి ఆలోచన బయటికొస్తుంది. టీవీ ముఖాముఖికి ఉన్న విలువ ఇదే. మన చానళ్లలో అరుపులకు దొరికినంత సమయం ఇలాంటి నిలదీతకు దొరకదు.

శాంతారామ్ ఊరికే ఆ చర్చకు రాలేదు. 2016 జనవరి 31 రాత్రి బెంగళూరు హెసరఘట్ట దారిలో సూడాన్ విద్యార్థి కారు గుద్ది ఒక మహిళ చనిపోయింది. ఆ ప్రమాదంతో ఏ సంబంధమూ లేని టాంజానియా విద్యార్థిని అటుగా వస్తే గుంపు ఆమెను కారులోంచి లాగి కొట్టింది, బట్టలు చింపింది, కారు తగలబెట్టింది. ఇది జాతి వివక్ష దాడి కాదని అప్పటి రాష్ట్ర హోం మంత్రి పరమేశ్వర కెమెరాల ముందు చెప్పారు. మరి ప్రమాదంతో సంబంధం లేని ఆమెను గుంపు ఏం చూసి ఆపింది? ఆ సంఘటన తర్వాతే శాంతారామ్ మన నగరాల్లోని ఆఫ్రికన్ల చిత్రాలు తీయడం మొదలుపెట్టారు.

తరుణ్ విజయ్ మాట తర్వాత ఏడేళ్లకు వంతు కాంగ్రెస్‌ది. ద స్టేట్స్‌మన్ పత్రిక ఇంటర్వ్యూలో ఆ పార్టీ నేత శాం పిట్రోడా దేశంలోని వైవిధ్యాన్ని మెచ్చుకుంటూ, తూర్పువాళ్లు చైనీయుల్లా, దక్షిణాదివాళ్లు ఆఫ్రికన్లలా ఉంటారన్నారు. 2024 మే 8న అది దుమారమైంది. తెలుగు రాష్ట్రాల్లో లోక్‌సభ ఎన్నికల పోలింగ్‌కు ఇంకా అయిదు రోజులే ఉన్నాయి. చర్మం రంగు పేరుతో దేశ ప్రజలను అవమానించారని ఆ రోజే వరంగల్ సభలో ప్రధాని మోదీ మండిపడ్డారు. సాయంత్రానికి పిట్రోడా ఓవర్సీస్ కాంగ్రెస్ అధ్యక్ష పదవి వదిలేశారు. జూన్ నెలాఖరుకు ఆ పదవిలోకే తిరిగొచ్చారు.

రెండుసార్లూ మనకు వచ్చిన కోపం న్యాయమైనదే. కానీ అందులో ఒక పాలు, ఆఫ్రికన్లతో పోల్చడమే అవమానం అన్నట్టు వినిపించింది. సంబంధాలు చూసేటప్పుడు 'పిల్ల కాస్త రంగు తక్కువ' అని గొంతు తగ్గించి చెప్పుకునే ఇళ్లు మనవి. ఆ ఇళ్లలోంచి వచ్చిన కోపానికి తరుణ్ విజయ్ మాటలో తప్పు సగమే కనిపించింది.

మిగతా సగం, అంటే ఆఫ్రికన్ల మీద వివక్ష ఉందన్న సంగతి, చెప్పడానికి ప్రయత్నించినవాళ్లు ఉన్నారు. తరుణ్ విజయ్ మాట్లాడిన వారంలోనే, ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు గ్రేటర్ నోయిడా దాడులను జాతి వివక్షగా పేర్కొన్నారు. వాటిపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి చేత స్వతంత్ర విచారణ జరిపించాలని కోరారు. దర్యాప్తు పూర్తికాకుండా అలా అనకూడదని అప్పటి విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో బదులిచ్చారు. ఆ తర్వాత రోజుల్లో చర్చంతా దక్షిణాది రంగు మీదికి మళ్లింది. దెబ్బలు తిన్న విద్యార్థుల మాట వెనక్కి పోయింది.