రెండో మానిటర్: అపోహలు – వాస్తవాలు

1998లో వచ్చిన విండోస్ 98 ఒకేసారి 9 మానిటర్లను నడపగలిగేది. అంటే ఇది పాతికేళ్లు దాటిన పాత విద్య. అయినా ఇంట్లో డెస్క్‌టాప్ పక్కన ఇంకో తెర పెడదామనగానే ‘అబ్బో, అది సాఫ్ట్‌వేర్ వాళ్ల వ్యవహారం’ అనే భయం ఇప్పటికీ పోలేదు. ఆ భయం వెనక కొన్ని అపోహలున్నాయి. వాటిలో కొన్ని జేబుకు చిల్లు పెట్టే రకం.

‘రెండు మానిటర్లంటే గ్రాఫిక్స్ కార్డు కొని తీరాలి’

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఇంటెల్ ప్రాసెసర్లలోనే ఇమిడి ఉండే గ్రాఫిక్స్, 2012లో వచ్చిన మూడో తరం నుంచే మూడు తెరలను నడపగలదు. అయితే మదర్‌బోర్డు తయారీదారు వెనకవైపు ఎన్ని పోర్టులు ఇచ్చాడన్నది చూసుకోవాలి. ఒక హెచ్‌డీఎంఐ, ఒక వీజీఏ కనిపించాయా? రెండు మానిటర్లకు మామూలుగా అవి చాలు. ఎక్సెల్, టాలీ, బ్రౌజర్, పిల్లల ఆన్‌లైన్ క్లాసు లాంటి వాటికి విడిగా కార్డు దండగ.

దీనికో మినహాయింపు ఉంది. ఇంటెల్ మోడల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే, ఉదాహరణకు ఐ5-12400ఎఫ్, లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ రైజెన్ 5000 డెస్క్‌టాప్ వరసలోనైతే పేరులో ‘జీ’ అక్షరం ఉన్నవాటికే ఉంటుంది. మిగతావాటితో వాడినప్పుడు మదర్‌బోర్డు మీది హెచ్‌డీఎంఐ పోర్టు అలంకారమే. వీటికి కార్డు ఎలాగూ ఉండే ఉంటుంది, లేకపోతే మొదటి మానిటరే వెలగదు.

‘కార్డుకు ఒకటి, మదర్‌బోర్డుకు ఒకటి తగిలిస్తే సరి’

కార్డు పెట్టగానే చాలా మదర్‌బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను ఆపేస్తాయి. దాంతో రెండో తెర ‘నో సిగ్నల్’ అని చూపించి నిద్రపోతుంది. మనమేమో మానిటర్ చెడిపోయిందని షాపుకు మోసుకెళ్తాం. బయోస్‌లోకి వెళ్లి లోపలి గ్రాఫిక్స్‌ను మళ్లీ ఆన్ చేయవచ్చు గానీ, అంత శ్రమ దేనికి? కార్డు మీదే సాధారణంగా మూడు నాలుగు పోర్టులుంటాయి. రెండు కేబుళ్లూ దానికే పెట్టండి.

ఏది దేనిదో పోల్చుకోవడం తేలిక. నిలువుగా నిలబడే క్యాబినెట్‌ను వెనక నుంచి చూస్తే, యూఎస్‌బీ, ఆడియో, నెట్ కేబుల్ రంధ్రాల గుంపులో పైన ఉన్నవి మదర్‌బోర్డు పోర్టులు. వాటికి కాస్త కింద, విడిగా అడ్డంగా ఉన్న పట్టీలో ఉన్నవి కార్డువి.

‘స్ప్లిటర్ కొంటే ఒక పోర్టు రెండవుతుంది’

కొన్ని వందల రూపాయలకు దొరికే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్‌తో చాలామంది ఇలాగే దెబ్బతింటారు. అది ఒకే బొమ్మను రెండు చోట్ల చూపిస్తుంది, అంతే. షోరూంలో వరసగా పెట్టిన టీవీలన్నిటిలో ఒకే పాట ఆడించడానికి పనికొస్తుంది. ఒక తెర మీద ఎక్సెల్, ఇంకోదాని మీద మెయిల్ కావాలంటే దానితో కాదు. విండోస్ దృష్టిలో అక్కడున్నది ఒకే మానిటర్.

డిస్‌ప్లేపోర్ట్ సంగతి వేరు. 2010 నాటి డిస్‌ప్లేపోర్ట్ 1.2తో ఎంఎస్‌టీ అనే పద్ధతి వచ్చింది. దానికి సరిపడే హబ్ పెడితే ఒకే పోర్టు నుంచి వేర్వేరు తెరలకు వేర్వేరు బొమ్మలు వెళ్తాయి. విండోస్‌లో ఇది బాగానే నడుస్తుంది. మ్యాక్‌లో మాత్రం ఈ హబ్ కూడా ఒకే బొమ్మను రెండుసార్లు చూపిస్తుంది.

స్ప్లిటర్ లేకుండానే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తోందా? విండోస్ కీతో పాటు ‘పీ’ నొక్కి, ‘డూప్లికేట్’ బదులు ‘ఎక్స్‌టెండ్’ ఎంచుకోండి. దీనికోసం టెక్నీషియన్‌ను పిలిపించి విజిటింగ్ చార్జీ ఇచ్చుకున్న ఇళ్లూ ఉన్నాయి.

‘కేబుల్ ఎటు పెట్టినా ఒకటే’

డిస్‌ప్లేపోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే మామూలు కేబుల్ ఒకవైపే పనిచేస్తుంది. కంప్యూటర్ వైపు డిస్‌ప్లేపోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉండాలి. తిరగేస్తే బొమ్మ రాదు. వీజీఏ–హెచ్‌డీఎంఐ అడాప్టర్లదీ అదే తీరు, ఏది దేనికి మారుస్తుందో అట్ట మీద చదివి కొనాలి. ఇంకో మాట. పాత మదర్‌బోర్డుల్లోని హెచ్‌డీఎంఐ 1.4 మీద 4కే తెర సెకనుకు 30 సార్లే తాజా అవుతుంది, మౌస్ ఎగిరెగిరి పడుతుంది. 1080పీ మానిటర్‌కు ఆ దిగులు లేదు.

‘రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి అయి ఉండాలి’

అక్కర్లేదు. ఒకటి కొత్త 24 అంగుళాలది, ఇంకోటి పాత 19 అంగుళాలదైనా నడుస్తుంది. 2013 నాటి విండోస్ 8.1 నుంచి ఏ తెరకు ఆ తెరకు అక్షరాల సైజు విడిగా మార్చుకునే వీలుంది.

జత కుదరని తెరలతో వచ్చే అసలు చిరాకు మౌస్ దగ్గర. బాణం ఒక తెర అంచు దాకా వచ్చి గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అని రెండు పెట్టెలు కనిపిస్తాయి. టేబుల్ మీద మానిటర్లు ఎలా ఉన్నాయో అవీ అలాగే ఉండేలా లాగి సర్దండి. ఎడమవైపున్న మానిటర్‌ను విండోస్ కుడివైపుందని అనుకోవడమే చాలాసార్లు ఈ తిప్పలకు మూలం.

‘కంప్యూటర్ నెమ్మదిస్తుంది, కరెంటు బిల్లు పేలిపోతుంది’

1920×1080 తెర మీది ఒక బొమ్మకు పట్టే మెమొరీ సుమారు 8 ఎంబీ. ఈనాటి మెషీన్‌కు అదొక లెక్క కాదు. రెండో తెర మీద వీడియో ఆడిస్తే భారం పడేది నిజమే, ఆ వీడియో మొదటి తెర మీద ఆడినా అంతే భారం. 144 హెర్ట్జ్ లాంటి వేగపు మానిటర్లు రెండు తగిలించినప్పుడు మాత్రం కొన్ని గ్రాఫిక్స్ కార్డులు ఊరికే ఉన్నా ఎక్కువ కరెంటు తాగుతాయి. ఇక 24 అంగుళాల ఎల్‌ఈడీ మానిటర్ 20 వాట్లు తీసుకుంటుందనుకుంటే, రోజుకు 8 గంటల చొప్పున నెలకు 5 యూనిట్లు కూడా కాలదు.

‘మానిటర్ ఎందుకు, పాత టీవీ ఉందిగా’

సినిమాకు సరే. చదవడానికి మాత్రం కష్టం. 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీలో 1366×768 చుక్కలే. అంగుళానికి 49 చుక్కలన్నమాట. అదే 24 అంగుళాల 1080పీ మానిటర్‌లో 92. ఇంగ్లిష్‌తో ఎలాగో నెట్టుకురావచ్చు, తెలుగు దగ్గర బండారం బయటపడుతుంది. ‘లక్ష్మి’లో ఒత్తులు ముద్దయిపోతాయి. పైగా చాలా టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం కోసేస్తాయి, టాస్క్‌బార్ సగం మాయమవుతుంది. దీన్ని టీవీ పిక్చర్ సెట్టింగుల్లో సరిచేయొచ్చు. ఒత్తుల్ని ఏ సెట్టింగూ బాగుచేయలేదు.

‘ఎన్ని తెరలుంటే అంత పని’

లెక్కలు సరిచూసేవాళ్లకు, అనువాదకులకు, కోడ్ రాసేవాళ్లకు రెండో తెర నిజంగా కలిసొస్తుంది. దానిమీద రోజంతా వాట్సాప్ తెరిచి ఉంచేవారికి ఒకటే ఎక్కువ. ఎక్కువసేపు చూసే తెరను ఎదురుగా, రెండోదాన్ని పక్కన కాస్త ఏటవాలుగా పెట్టండి. సరిగ్గా మధ్యన కూర్చుని రోజంతా ఒకవైపే తల తిప్పి చూస్తే నొప్పి మెడకే. వెంటనే కొత్తది కొనొద్దు. తెలిసినవాళ్ల దగ్గర వాడకుండా పడి ఉన్న మానిటర్ ఒకటి వారం పాటు అడిగి తెచ్చుకుని వాడండి. తిరిగిచ్చాక పనికి ఇబ్బంది అనిపిస్తేనే కొనండి.