కొండ దిగే కారుకు పెద్ద బ్రేకులు

నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండకు ఘాటు రోడ్డు మీద పోయేటప్పుడు భారమంతా ఇంజను వహిస్తుంది. త్రికూటేశ్వరుని దర్శించి దిగివచ్చేటప్పుడు ఆ భారం బ్రేకుల వంతు అవుతుంది. నిండు బరువుతో మలుపులు దిగిన కారు దగ్గర ఒక్కొక్కప్పుడు మాడు వాసన వస్తుంది. ఆ వాసనకు బెదరి, కారుతో వచ్చిన బ్రేకులు తీసివేసి, పెద్ద రోటర్లూ పెద్ద కాలిపర్లూ బిగించుకోవాలనుకునేవారు ఉన్నారు. ఇది మేలైన పనియేనా? దీనికి సమాధానం హైస్కూలు భౌతికశాస్త్రంలోనే ఉన్నది.

రోటరు చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం. కాలిపరు దానిని ఇరువైపులా పట్టే పట్టకారు వంటిది. పెడలు తొక్కగానే ఆయిలు ఒత్తిడికి పిస్టన్లు కదిలి, ప్యాడ్లను పళ్లేనికి అదుముతాయి. కారు వేగంలోని శక్తి నశించదు, వేడిగా మారుతుంది. వెయ్యి కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున పోతుంటే, దాని గతిజశక్తి 2 లక్షల జౌళ్లు. అదే కారు 100 మీటర్ల ఎత్తు దిగితే సుమారు 10 లక్షల జౌళ్లను వదిలించుకోవాలి. ఆ వేగం నుంచి ఐదుసార్లు నిలువునా ఆపినంత శ్రమ అన్నమాట!

పెద్ద రోటరు గుణం ఇక్కడనే తెలుస్తుంది. లక్ష జౌళ్ల వేడి 5 కిలోల ఇనుప రోటరును సుమారు 43 డిగ్రీలు వేడెక్కిస్తే, 8 కిలోల దానిని 27 డిగ్రీలే వేడెక్కిస్తుంది. 1902లో ఇంగ్లండులో లాంచెస్టరు డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లెమాన్స్ ఇరవైనాలుగు గంటల పందెంలో జాగ్వార్ కారు ఆ తరహా బ్రేకులతో గెలిచింది. వేడికి అలసిపోకుండా పదేపదే పనిచేయడమే వాటి ఘనత.

అయితే, పెద్ద రోటరు వేస్తే కారు తక్కువ దూరంలో ఆగుతుందనడం భ్రమ. కారును చివరకు ఆపేది టైరుకూ రోడ్డుకూ నడుమ ఘర్షణ. ఘర్షణ గుణకం 0.8 అయితే, పైన చెప్పిన వేగం నుంచి ఆగడానికి సుమారు 25 మీటర్లు కావాలి. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా కట్టి చూడవచ్చు. అందులో రోటరు వ్యాసానికి చోటే లేదు. టైరు పట్టు తప్పిన తరువాత ఎంత పెద్ద కాలిపరైనా నిరుపయోగమే.

పైగా బ్రేకు ఒంటరి వస్తువు కాదు. కాలిపరు పిస్టన్లు పెద్దవై, మాస్టరు సిలిండరు పాతదే అయితే పెడలు లోతుగా దిగుతుంది. ముందు వెనుకల పొంతన చెడితే మరింత ప్రమాదం: వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది. నిత్యం బరువుతో ఘాట్లు దిగేవారు మార్చదలిస్తే, ఆ కారుకే పొంతనగా రూపొందించిన భాగాలనన్నిటినీ కలిపి, చట్టం అనుమతించే మేరకు మార్చుకోవాలి. ఒక్క భాగం మార్చడం మేలు కాదు.

తక్కినవారికి చౌకయైన ఉపాయం ఉన్నది. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పీల్చిన పాత ఆయిలు 140 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు పుట్టిన ఆవిరి నలిగిపోవడంచేత, పెడలు నేలకంటినా కారు ఆగదు. సకాలంలో ఆయిలు మార్చడం, అరిగిన ప్యాడ్లు తీయించడం, మంచి టైర్లు ఉంచడం మొదటి కర్తవ్యాలు.

వాలు దిగే ఎడ్లబండిని తోలడం తెలిసిన రైతు, బండి పరుగందుకున్న తరువాత పగ్గాలు లాగడు. వాలు మొదట్లోనే ఎడ్లను నెమ్మదింపజేస్తాడు. కారు నడిపేవారూ కొండ మీదనే చిన్న గేరులోకి మార్చుకుంటే, సగం బరువు ఇంజనే మోస్తుంది. వేలు పోసి కొన్న రోటరు కంటే ముందుగా అలవరచుకోవలసినది ఆ వివేకం.