గోధుమ పడని బిడ్డకు మన మెట్టపంటలు

గోధుమ మంచి ధాన్యమే, బలమిచ్చు ధాన్యమే. కాని కొందరు పిల్లలకు అదియే హాని చేయును. ఎంత తినిపించినను వారు ఒళ్లు చేయరు. ఈడు పిల్లలంత ఎత్తు పెరుగరు. కడుపు ఉబ్బి, కాళ్లు చేతులు సన్నబడును. తరచు విరేచనములగును. కొందరిలో విరేచనములే ఉండవు. ఎన్ని మాత్రలు మింగించినను రక్తహీనత తగ్గకపోవుట ఒక్కటే గుర్తుగా ఉండును. ఈ జబ్బును వైద్యులు సీలియాక్ వ్యాధి అందురు.

పెద్దవారిపై జరిపి 2016లో ప్రచురించిన ఒక పరిశీలన ప్రకారము, ఉత్తర భారతమున నూటికి ఒకరికి పైగాను, దక్షిణమున వేయికి ఒకరికిని ఈ వ్యాధిని సూచించు గుర్తులు రక్తపరీక్షలో కనబడినవి. మన ప్రాంతమున అరుదు గనుకనే దీనిని గుర్తించుటలో ఆలస్యమగుచున్నది. ఉదయము గోధుమరవ్వ ఉప్మా, సాయంత్రము బిస్కట్లు, రాత్రి చపాతీ అన్నట్లు గోధుమ నేడు మన ఇండ్లలోనికి బాగుగా వచ్చినది గదా! కనుక రైతు కుటుంబములు కూడ దీనిని గురించి తెలిసికొనుట అవసరము.

ఈ వ్యాధికి స్థిరపడిన చికిత్స ఒక్కటే. గోధుమను, అదే జాతికి దగ్గరైన బార్లీ, రై ధాన్యములను జీవితాంతము మానవలెను. అట్లు మాన్పించినచో బిడ్డకు ఏమి పెట్టవలెనను దిగులు తల్లికి కలుగును. ఆ దిగులు తీర్చు గింజలు మన పొలములలోనే గలవు.

వ్యాధి ఎట్లు కలుగును?

గుప్పెడు గోధుమపిండిని గట్టిగా తడిపి, అరగంట ఉంచి, నీటిలో పిసుకుచు కడుగుడు. తెల్లని గంజిపిండి నీటిలో కలిసిపోయి, చేతిలో రబ్బరు వలె సాగు ముద్ద మిగులును. అదియే గ్లూటెన్ అను మాంసకృత్తి. జొన్నపిండిని అట్లే కడిగిచూడుడు. చేతిలో అట్టి ముద్ద ఏదియు మిగులదు. చపాతీ సాగుటకును, రొట్టె పొంగుటకును కారణము ఈ గ్లూటెనే.

మన చిన్నప్రేగు లోపలి గోడపై సన్నని వ్రేళ్లవంటి మొలకలు లెక్కకు మిక్కిలిగా ఉండును. ఆహారసారమును పీల్చుకొనునవి అవియే. వ్యాధిగల బిడ్డ గోధుమ తిన్నచో, శరీరములోని రక్షణశక్తి గ్లూటెన్‌పై తిరగబడి, ఆ పోరులో తన ప్రేగు మొలకలనే పాడుచేసికొనును. నీరు నిలిచిన చేనిలో వేళ్లు కుళ్లిన పైరును మీరు చూచియే ఉందురు. ఎంత ఎరువు వేసినను అది పసుపుపచ్చగనే ఉండును. ఈ బిడ్డ స్థితియు అట్టిదే. లోపము తిండిలో లేదు. పీల్చుకొను వేళ్లలో గలదు. గోధుమ మాన్పించినచో ఆ మొలకలు క్రమముగా మరల పెరుగును, బిడ్డ కోలుకొనును.

ఈ సంగతి హాలండు దేశపు పిల్లల వైద్యుడు విల్లెం డికె నిరూపించెను. ఆయన అంతకు ముందు నుండియే గోధుమను అనుమానించుచుండెను. యుద్ధకాలమున 1944–45 శీతకాలములో ఆ దేశమున కరవు వచ్చి రొట్టె దొరకకపోగా, ఈ వ్యాధిగల పిల్లలు తేరుకొనిరి. తిరిగి రొట్టె వచ్చిన పిమ్మట మరల జబ్బుపడిరి. ఆయన తన పరిశోధనను 1950లో వెల్లడించెను.

ముందు పరీక్ష, పిదప పథ్యము

ఇచ్చట ఒక హెచ్చరిక. అనుమానము కలిగినంతనే గోధుమ మాన్పించరాదు. మాన్పించినచో రక్తపరీక్షలో వ్యాధి బయటపడకపోవచ్చును. బిడ్డ మామూలుగా గోధుమ తినుచుండగనే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. రక్తపరీక్షను బట్టి, అవసరమైనచో ప్రేగు నుండి చిన్న ముక్క తీసి చూచి, వైద్యుడు నిర్ణయించును. నిర్ణయమైన పిదప పథ్యమును సడలించరాదు. ఒంట్లో బాగున్నదికదా అని మరల గోధుమ పెట్టినచో, పైకి ఏమియు కనబడకున్నను ప్రేగు మరల దెబ్బతినును. తోబుట్టువులకు కూడ పరీక్ష చేయించుట మంచిది. ఈ వ్యాధి కుటుంబములలో నడచును.

ఏవి తినవచ్చును?

వరి, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, వరిగ, అరికె, మొక్కజొన్న—వీనిలో ఈ వ్యాధికి కారణమైన గ్లూటెన్ లేదు. కంది, మినుము, పెసర, శనగ వంటి పప్పులు, వేరుశనగ, నువ్వులు, కొబ్బరి, కూరగాయలు, పండ్లు, గ్రుడ్లు, మాంసము, చేపలు అన్నియు పెట్టవచ్చును. పథ్యమారంభించిన క్రొత్తలో కొందరు పిల్లలకు పాలు అరుగవు. అట్టివారికి ఏమి పెట్టవలెనో వైద్యుని అడిగి, ప్రేగు కోలుకొన్న పిదప పాలు తిరిగి ఇవ్వవచ్చును.

బియ్యము ఒక్కదానితో సరిపెట్టవలదు. ఎదుగలేక వెనుకబడిన బిడ్డకు సున్నము, ఇనుము, మాంసకృత్తులు ఎక్కువ కావలెను. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు గలదు; బియ్యములో పది ప్రాంతము మాత్రమే. సజ్జలలో ఇనుము హెచ్చు. పప్పు, వేరుశనగ తోడైనచో మాంసకృత్తులకు లోటుండదు.

దాగియున్న గోధుమ

గోధుమ గోధుమరూపముననే రాదు. ఈ క్రింది వానిని గమనింపుడు.

1. మైదా, బొంబాయి రవ్వ గోధుమ నుండి వచ్చినవే. సేమియా సాధారణముగా గోధుమతోనే చేయుదురు. కాజాలు, గవ్వలు, కజ్జికాయలు, జిలేబీ, బ్రెడ్డు, బిస్కట్లు, రవ్వకేసరి ఈ కోవలోనివే.

2. పెక్కు ఇంగువలలో గోధుమపిండి లేక మైదా కలిపియుందురు. పప్పు, చారు మంచివే అయినను, పోపులోని ఇంగువ కీడు చేయవచ్చును. డబ్బాపై దినుసులు చదివి కొనవలెను. లేనిచో ఇంగువ బదులు వెల్లుల్లి వాడుకొనవలెను.

3. అంగడిలోని మాల్టు పానీయములలో చాలవరకు బార్లీ, గోధుమ ఉండును. ఇంట మొలకెత్తించి చేసికొన్న రాగిమాల్టు నిర్భయముగా వాడవచ్చును.

4. అంగన్‌వాడీలలో పంచుచు వచ్చిన బాలామృతములో గోధుమ ముఖ్యమైన దినుసు. బిడ్డ సంగతి అంగన్‌వాడీ కార్యకర్తకు ముందుగనే చెప్పవలెను.

5. విడిగా అమ్ము శనగపిండిలో ఇతర పిండి కలియవచ్చును. శనగపప్పు కొని ఇంట విసరుకొనుట మేలు.

ప్యాకెట్టుపై గ్లూటెన్ లేనిదని వ్రాయవలెనన్న, కిలో ఆహారములో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు ఆహార ప్రమాణము. హాని ఎంత స్వల్పములో గలదో దీనినిబట్టి ఊహింపవచ్చును. కొంచెమైనచో ఏమగునులే అనుట పనికిరాదు.

కళ్ళము నుండి పిండి వరకు

రోజుకు పావుకిలో చొప్పున ఒక బిడ్డకు ఏడాదికి 90 కిలోలకు పైగా గింజలు కావలెను. ఎకరాకు 5 క్వింటాళ్లు మాత్రమే పండు మెట్టచేను అయినను 20 సెంట్లు చాలును. నల్లరేగడిలో రబీ జొన్న, ఎఱ్ఱ చెలకలలో రాగి లేక కొర్ర వేసికొనవచ్చును. కొర్ర మూడు నెలలలోపుననే చేతికి వచ్చును.

పండించిన గింజను చెడగొట్టునది పొలము కాదు, సంచియు, పిండిమరయు. గోధుమలు లేక గోధుమపిండి పోసిన గోనెలలో ఈ గింజలు పోయరాదు. నూర్చి, బాగుగా ఎండబెట్టి, క్రొత్త సంచిలోనో, మూతగల డబ్బాలోనో వేరుగా నిలువచేసి, గుర్తు పెట్టవలెను.

ఊరి మరలో రాళ్ల సందులలో ముందు పట్టిన గోధుమపిండి మిగిలియుండును. అందుచేత ఇంటి తిరగలి గాని, ఈ బిడ్డకే ప్రత్యేకించిన చిన్న విద్యుత్ మర గాని ఉత్తమము. అది వీలుకానిచో, బియ్యము జొన్నలు మాత్రమే పట్టు మరను వెదుకుడు. సజ్జపిండిలో నూనె పాలు హెచ్చు గనుక త్వరగా చేదెక్కును. వారమునకు సరిపడునంత మాత్రమే పట్టించుకొనవలెను.

వంటింటిలో జల్లెడ, రొట్టెల పీట, పెనము బిడ్డకు వేరుగా ఉంచవలెను. పూరీలు వేచిన నూనెలో అతని గారెలు వేచరాదు. అన్నిటికంటె సులువైన మార్గము ఇంటిల్లపాదియు ఆ గింజలే తినుట. అప్పుడు పొరపాటునకు తావుండదు. బిడ్డకు వేరు కంచమను చిన్నతనముండదు.

జొన్నరొట్టె విరుగకుండుటకు

గ్లూటెన్ లేని పిండి సాగదు గనుక రొట్టె అంచులు పగులును. దీనికి మన పల్లెటూళ్ల ఉపాయమే శాస్త్రీయమైనది. నీరు మరుగుచుండగా పిండిలో పోసి, గరిటెతో కలిపి, చేయి ఓర్చు వేడి ఉండగనే మెత్తగా మర్దించవలెను. వేడికి పిండిలోని గంజి ఉడికి జిగురై, గ్లూటెన్ చేయు పనిని కొంత చేయును. ఎప్పటి ముద్ద అప్పుడే తట్టి కాల్చవలెను, ఆరినచో పగులును.

పిల్లలు మెచ్చు తినుబండారములు

రాగి లడ్డు: రాగిపిండి 2 గ్లాసులు, బెల్లపు తురుము 1 గ్లాసు, వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు అరగ్లాసు, నువ్వులు పావుగ్లాసు తీసికొనవలెను. రాగిపిండిని కొద్ది నేతిలో సన్నని సెగపై కమ్మని వాసన వచ్చువరకు వేయించవలెను. నువ్వులను విడిగా వేయించి, వేరుశనగతో కలిపి బరకగా దంచవలెను. అన్నియు కలిపి, కాచిన నేయి తగినంత పోసి, వేడిమీదనే ఉండలు చుట్టవలెను.

సజ్జ బూరెలు: సజ్జపిండి 2 గ్లాసులకు బెల్లము 1 గ్లాసు చాలును. బెల్లమును కొద్ది నీటిలో కరగించి, వడగట్టి, ఆ వేడి నీటితో పిండిని కలిపి, నువ్వులు చేర్చి, అరచేతిలో బిళ్లలుగా తట్టి, క్రొత్త నూనెలో ఎఱ్ఱగా వేచవలెను.

తీపి దిబ్బరొట్టె: పుట్టినరోజునాడు అంగడి కేకు కొరకు బిడ్డ మనసుపడును, అది మైదాతో చేసినది. దానికి బదులు, మినపప్పు 1 గ్లాసు నానబెట్టి మెత్తగా రుబ్బి, తడిపిన జొన్నరవ్వ లేక బియ్యపురవ్వ 2 గ్లాసులు కలిపి, రాత్రి ఉంచవలెను. ఉదయము బెల్లపు తురుము, కొబ్బరి, యాలకులు చేర్చి, నేయి రాచిన మందపు మూకుడులో పోసి, మూతపెట్టి సన్నని సెగపై రెండు వైపుల కాల్చవలెను. మినప జిగురు గాలిని పట్టి ఉంచును గనుక గ్లూటెన్ లేకయే రొట్టె పొంగును. మన ఇడ్లీ పొంగుటకు కారణమదియే.

పండుగలలోను ఇబ్బంది లేదు. సంక్రాంతికి అరిసెలు, జంతికలు. వినాయక చవితికి ఉండ్రాళ్లు, పాలతాలికలు. ఉగాదికి బొబ్బట్లు మాని పూర్ణపు బూరెలు చేసికొనవచ్చును. సున్నుండలు, నువ్వుల చిమ్మిలి, వేరుశనగ పట్టి ఏడాది పొడుగున చేయదగినవి. అరిసెలకును జంతికలకును ఇంట దంచిన బియ్యపుపిండియే వాడవలెను.

బడిలోను, విందులోను

బిడ్డ ఎల్లవేళల ఇంటనే ఉండడు. బడిలో తోటివారు బిస్కట్టు పంచుకొందురు. పెండ్లిలో పెద్దలు ప్రేమతో మిఠాయి చేతిలో పెట్టుదురు. ఉపాధ్యాయునికి, వంట చేయువారికి, చుట్టములకు సంగతి విప్పి చెప్పవలెను. ఇది అంటురోగము కాదని, తల్లి పెంకితనము కాదని వారికి తెలియవలెను. విందునకు పోవునపుడు డబ్బాలో నాలుగు లడ్లు అదనముగా పెట్టుడు. తాను తినుటయే గాక పదిమందికి పంచిపెట్టినప్పుడు, తన తిండి తక్కువదను భావము ఆ బిడ్డకు కలుగదు. వయసు వచ్చినకొలది ఏది తినవచ్చునో, ఏది తినరాదో, ప్యాకెట్టు ఎట్లు చదువవలెనో బిడ్డకే నేర్పవలెను. రేపు చదువునకో ఉద్యోగమునకో పరస్థలము పోయినపుడు తన్ను తాను కాపాడుకొనవలసినది తానే గదా!

మీ ఊరిలో తిన్నది ఒంటబట్టక సన్నగిలు బిడ్డ ఉన్నచో, తల్లిదండ్రులకు ఈ సంగతులు చెప్పి, ముందు వైద్యుని వద్దకు పంపుడు. వ్యాధి నిర్ణయమైనచో, రాబోవు కారులో ఇరువది సెంట్లు ఆ బిడ్డ పేర జొన్నకో, రాగికో విడువుడు.