బిలియర్డ్సు సుద్ద: వెలయు, విలువయు

బిలియర్డ్సు, స్నూకరు, పూల్ ఆటలందు ఆటగాడు దెబ్బకు ముందు కర్ర మొనకు సుద్ద రాచుట మీరు చూచియే యుందురు. అది పేరునకే సుద్ద. 1897లో అమెరికాలో విలియం స్పింక్సు అను ఆటగాడును, విలియం హాస్కిన్సు అను రసాయనజ్ఞుడును పేటెంటు పొందిన నాటినుండి అందు సిలికా, కురువిందపు పొడి వంటివే ముఖ్యములు.

దాని పని తోలుమొనకు పట్టు నిచ్చుట. మొన బంతిని తాకి యుండునది సెకనులో సుమారు వేయవవంతు. బంతిని ప్రక్కగా కొట్టి సుడి కల్పించునపుడు ఆ క్షణమున పట్టు లేనిచో మొన జారును, ఆటయు చేజారును.

నేడు ఫిన్లండున తయారగు టావోమ్ వంటి సుద్దబిళ్ళ యొకటి, సాధారణపు బిళ్ళలు డజను కంటె ఎక్కువ వెల పలుకును. దానివలన సుడి యధికమగునా? కాదు. తాజాగా రాచిన మంచి సుద్ద ఏదైనను మొనను జారనీయదు. అంతకు మించి పట్టవలసినది లేదు. లాభము వేరొకచోట నున్నది. రాలిన పొడి బంతుల నడుమ చిక్కినచో అవి లిప్తకాలము అంటుకొని దారి తప్పును. దీనినే 'కిక్' అందురు. మేలిరకపు సుద్ద తక్కువగా రాలును గనుక ఈ చిక్కు తగ్గుటకు వీలున్నది, బల్లగుడ్డయు మాయదు.

ఒక్క బంతి తప్పిన పోటీయే పోవు వారికి ఆ వెల తగినదే. గంటల లెక్కన బల్ల అద్దె చెల్లించి నేర్చుకొను యువకుడు మాత్రము ఆ పైకమును అభ్యాసమునకు వెచ్చించుట మేలు. ప్రతి దెబ్బకు ముందు రాచుట మరువకున్న చాలును. మరపునకు ఏ సుద్దయు మందు కాదు.