తెలుగు బడికి ఉపాధ్యాయుడు ఎట్లు వచ్చును?

పిల్లలు బడికి పోవుదురు, ఉపాధ్యాయుడు పాఠము చెప్పును. ఈ దృశ్యము మనకు నిత్యపరిచితము. కాని ఆ ఉపాధ్యాయుడు నల్లబల్ల యెదుట నిలుచుటకు ముందు ఎన్ని పరీక్షలు గడచెనో, ఎట్టి నియామక పత్రము పొందెనో, నెలకు ఎంత వేతనము తీసికొనుచున్నాడో, వచ్చు సంవత్సరము ఇచ్చటనే యుండునో లేదో తెలిసినవారు తక్కువ. తెలుగు రాష్ట్రములలో నివసించువారికి ఈ సంగతులు తెలియకున్నను గడచిపోవును. ముంబయి వంటి నగరమున భాషా అల్పసంఖ్యాకులమైన మనకు అవి తెలిసి యుండవలెను. ఇచ్చట తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఒకటి ఖాళీ యైనచో దానిని నింపుట సులభము కాదు. గావున తల్లిదండ్రుల కొరకును, ఉపాధ్యాయ వృత్తిని కోరు విద్యార్థుల కొరకును ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

మన హక్కు ఏమి?

నాగ్‌పాడా ప్రక్కనున్న కామాటిపురాకు ఆ పేరు కామాటీలను బట్టి వచ్చినది. తెలంగాణ ప్రాంతము నుండి కట్టడపు పనులకై వలస వచ్చిన శ్రామికులను ఈ నగరమున అట్లు పిలిచిరి. తరువాతి కాలమున నూలుమిల్లులలో పనికై మరి యెందరో తెలుగువారు వచ్చి చాళ్ళలో కాపురములు పెట్టిరి.

ఇట్టివారి పిల్లల చదువును గూర్చి 1949 ఆగష్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఒక నిర్ణయము చేసినది. ఒక బడిలో ఒక భాష మాట్లాడు పిల్లలు మొత్తము 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉన్నచో, ఆ భాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని దాని సారాంశము. 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ అధికరణము చేరినది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయములు కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని అది చెప్పుచున్నది. ముంబయి మహానగరపాలిక మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ, ఇంగ్లీషు, తమిళము, కన్నడములతో పాటు తెలుగున కూడ బడులు నడుపుచున్నది.

హక్కు కాగితముపై నున్నది. దానిని తరగతి గదిలోనికి తెచ్చునది హాజరు పట్టీలోని సంఖ్య. ఈ విషయమును తల్లిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలెను. 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము ఒకటి నుండి అయిదు తరగతులకు 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు. 61 నుండి 90 వరకు ముగ్గురు. 91 నుండి 120 వరకు నలుగురు. 121 నుండి 200 వరకు అయిదుగురు ఉండవలెను. అనగా అరువది యొక్కవ పిల్ల చేరినచో మూడవ ఉపాధ్యాయునికి స్థానము కలుగును. ఆ యొక్క పిల్ల పేరు తొలగినచో ఆ స్థానమే ప్రశ్నార్థక మగును.

ఇట్లు సంఖ్యను బట్టి స్థానములు నిర్ణయించుటను ఇచ్చటి విద్యాశాఖవారు ‘సంచ మాన్యత’ అందురు. స్థానము పోయిన ఉపాధ్యాయుడు ‘అతిరిక్త’ మగును. అతనిని వేరొక బడికి పంపుదురు. మరాఠీ ఉపాధ్యాయునికి వేరొక మరాఠీ బడి సమీపముననే దొరకును. తెలుగు బడులు కొన్నియే గనుక తెలుగు ఉపాధ్యాయునికి అట్టి అవకాశము స్వల్పము. 1982లో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె తరువాత అనేక మిల్లులు మూతబడెను. పనివారి కుటుంబములు పెక్కు నగరమును విడిచెను. మిగిలినవారిలో పలువురు ఇంగ్లీషు బడుల వైపు మొగ్గిరి. ఇప్పుడు మ్హాడా ద్వారా కామాటిపురా పాతచాళ్ళ పునర్నిర్మాణము తలపెట్టబడినది. కుటుంబములు తాత్కాలిక గృహములకు కదలునపుడు పిల్లల పేర్లు బడి పట్టీ నుండి జారిపోకుండ చూచుకొనుట మన పని.

అర్హత

ఉపాధ్యాయుడగుటకు రెండు మార్గములు కలవు. పండ్రెండవ తరగతి తరువాత రెండేండ్ల డి.ఎల్.ఎడ్. చదివినవారు ప్రాథమిక తరగతులకు అర్హులు. పట్టభద్రులై బి.ఎడ్. చదివినవారు ఉన్నత పాఠశాల తరగతులకు అర్హులు. “బి.ఎడ్. పెద్ద చదువు గదా, దానితో చిన్న తరగతులకు కూడ పోవచ్చును” అని కొందరు తలంతురు. 2023 ఆగష్టు 11న సుప్రీంకోర్టు ఈ భావమును త్రోసిపుచ్చినది. చిన్నపిల్లలకు బోధించు పద్ధతి వేరు. ఒకటి నుండి అయిదు తరగతులకు బి.ఎడ్. అర్హత చెల్లదు. గావున ఏ తరగతులకు బోధింపదలచినారో ముందు నిశ్చయించుకొని, ఆ పిదప కళాశాలలో చేరవలెను.

నేను శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. తెలుగు మాధ్యమమున శిక్షణ కోరువారు అటు పోవలసి వచ్చుట సహజము. అట్లు పోవువారు ఆ కళాశాలకు జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉన్నదా యని రుసుము చెల్లించుటకు ముందే విచారింపవలెను. గుర్తింపు లేని కళాశాల ఇచ్చిన పత్రము ఏ రాష్ట్రమునను అక్కరకు రాదు. శిక్షణ పత్రముతో పాటు మార్కుల పత్రములు, బదిలీ పత్రము, చదివిన మాధ్యమమును తెలుపు ధ్రువపత్రము తెచ్చుకొనవలెను. తెలుగు మాధ్యమపు స్థానమును కోరునపుడు తెలుగున చదివినట్లు చూపుటకు ఇవి ఆధారములు.

శిక్షణతో పని ముగియదు. 2010 ఆగష్టు 23 నాటి ప్రకటన ప్రకారము ఒకటి నుండి ఎనిమిది తరగతులకు బోధించువారు ఉపాధ్యాయ అర్హత పరీక్షలో, అనగా టెట్‌లో, ఉత్తీర్ణులు కావలెను. 150 మార్కులకు నూటికి 60 చొప్పున 90 రావలెను; రిజర్వేషను వర్గములకు సడలింపు ఇచ్చు అధికారము ప్రభుత్వములకు కలదు. మహారాష్ట్రలో ఈ పరీక్షను పూణెలోని రాష్ట్ర పరీక్షా పరిషత్తు 2013 నుండి నడుపుచున్నది. కేంద్ర టెట్ భాషలలో తెలుగు కూడ ఒకటి. పూర్వము ఈ పత్రము ఏడేండ్లు మాత్రమే చెల్లెడిది. 2021లో దానిని జీవితాంతము చెల్లునట్లు చేసిరి. ఇది గాక, మహారాష్ట్రలో 2017 నుండి అభియోగ్యతా పరీక్ష నొకటి పెట్టి, దాని మార్కులను బట్టి ‘పవిత్ర’ అను పోర్టల్ ద్వారా నియామకములు చేయుచున్నారు.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు మరియొక ముఖ్యమైన తీర్పు చెప్పినది. చట్టమునకు ముందే ఉద్యోగమున చేరినవారైనను, విరమణకు అయిదేండ్లకు పైబడి కాలమున్నచో, రెండేండ్లలో టెట్ గెలువవలెను. అయిదేండ్ల లోపు ఉన్నవారు పరీక్ష లేకయే కొనసాగవచ్చును గాని పదోన్నతి పొందజాలరు. మత, భాషా అల్పసంఖ్యాకుల సంస్థల విషయమును మాత్రము విస్తృత ధర్మాసనము పరిశీలింపవలెనని నివేదించినది. ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. తెలుగున బోధించు ప్రతి బడియు అల్పసంఖ్యాక సంస్థ కాదు. 30వ అధికరణము ననుసరించి అల్పసంఖ్యాకులు స్వయముగా స్థాపించి నడుపునదే అట్టి సంస్థ. నగరపాలిక నడుపు తెలుగు బడి ప్రభుత్వ బడియే. అందలి ఉపాధ్యాయునికి ఈ మినహాయింపు వర్తింపదు.

ఒప్పందము

మహారాష్ట్రలోని ప్రైవేటు బడులలో పనిచేయువారికి 1977 నాటి ఉద్యోగ నిబంధనల చట్టమును, 1981 నాటి నియమావళియు రక్షణ. నియామక పత్రము వ్రాతపూర్వకముగా, నియమావళిలోని నమూనా ప్రకారము ఉండవలెను. శాశ్వత స్థానమున నియమితుడైన ఉపాధ్యాయుని పరిశీలనా కాలము రెండేండ్లు. శిక్షణ సేవకునిగా చేరినవానికి మూడేండ్లు. ఆ కాలమున పని సంతృప్తికరముగా లేదని తలంచినచో యాజమాన్యము ఒక నెల నోటీసు గాని, ఒక నెల జీతము గాని ఇచ్చి తొలగింపవచ్చును. శాశ్వతుడైన పిదప విచారణ లేక శిక్షగా తొలగింప వీలులేదు. అన్యాయముగా తొలగించినచో ఉత్తర్వు అందిన 30 దినములలో పాఠశాల ట్రిబ్యునలునకు అప్పీలు చేసికొనవచ్చును.

రాజీనామాకు కూడ పద్ధతి కలదు. రెండు ప్రతులు వ్రాసి, రెంటిపై సంతకము, తేదీ వేసి, ఒకటి రిజిస్టరు పోస్టులో పంపి, రెండవది తనయొద్ద నుంచుకొనవలెను. కొన్ని చోట్ల ఉద్యోగమున చేరునాడే తేదీ లేని రాజీనామాపై సంతకము అడుగుదురని వినుచుందుము. తేదీ వేయని కాగితముపై సంతకము చేయరాదని ఈ వృత్తిలోనికి వచ్చు ప్రతివారును ముందుగా నేర్చుకొనవలెను.

వేతనము

ఏడవ వేతన సంఘము ననుసరించి మహారాష్ట్రలో శిక్షణ పొందిన ప్రాథమిక ఉపాధ్యాయుని మూలవేతనము 29,200 రూపాయలతోను, బి.ఎడ్. చదివిన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునిది 38,600 రూపాయలతోను ఆరంభమగును. కరువు భత్యము, ఇంటి అద్దె భత్యము దీనికి అదనము. కాని క్రొత్తగా చేరినవారికి ఈ జీతము వెంటనే రాదు. 2000 సంవత్సరమున ఆరంభమైన శిక్షణ సేవక పద్ధతిలో మొదటి మూడేండ్లు నిర్ణీత గౌరవ వేతనము మాత్రమే ఇత్తురు. అది మొదట ప్రాథమిక దశకు 3,000 రూపాయలుగా నుండెను. తరువాత 6,000 అయినది. 2023 జనవరి 1 నుండి 16,000 చేసిరి. ఉన్నత పాఠశాలకు 18,000.

ఒక లెక్క చూడుడు. 29,200 నుండి 16,000 తీసివేసినచో నెలకు 13,200 తేడా. 36 నెలలకు 4,75,200 రూపాయలు. భత్యములను, వార్షిక వృద్ధిని లెక్కింపలేదు సుమా. ముంబయిలో ఒక గది అద్దె ఎంతయో ఈ పత్రిక చదువు తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. పొరుగు రాష్ట్రము నుండి వచ్చిన యువ ఉపాధ్యాయుడు ఆ మూడేండ్లు తాళలేక వెనుకకు పోయినచో, నష్టపోవునది అతడొక్కడే కాదు. సంవత్సరము నడుమ ఉపాధ్యాయుడు లేని తరగతియు నష్టపోవును. మరియొక మాట: 2005 నవంబరు 1న గాని, ఆ తరువాత గాని చేరినవారు పాత పింఛను పద్ధతిలో గాక చందా కట్టు క్రొత్త పద్ధతిలోనికి వచ్చిరి.

1966 అక్టోబరు 5న ప్యారిసు నగరమున యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థల ఆధ్వర్యమున జరిగిన సమావేశము ఉపాధ్యాయుల స్థితిని గూర్చి ఒక సిఫారసును ఆమోదించినది. సమానమైన అర్హత గల ఇతర వృత్తులతో తులతూగు వేతనము, ఉద్యోగ స్థిరత్వము ఉండవలెనని అందు కలదు. మూడేండ్ల గౌరవ వేతనమును ఆ మాటతో పోల్చినచో ఇంకను ఎంత దూరము పోవలెనో తెలియును.

ఎచ్చట ఉద్యోగము?

“తెలుగు చదివి ఉపాధ్యాయుడనైనచో తెలంగాణకు పోయి ఉద్యోగము చేసికొందును” అని మన విద్యార్థులలో కొందరందురు. అది అంత సులభము కాదు. తెలంగాణలో 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము జిల్లా స్థాయి ఉపాధ్యాయ స్థానములలో నూటికి 95 స్థానికులకే. ఒకటి నుండి ఏడవ తరగతి వరకు చదువు ఎచ్చట సాగినదను దానిని బట్టి స్థానికతను నిర్ణయింతురు. ఆ తరగతులు ముంబయిలో చదివిన పిల్లవాడు, తాతముత్తాతలది కరీంనగరమైనను, అచ్చట స్థానికేతరుడగును. మిగిలిన అయిదు స్థానములకే పోటీ పడవలెను.

దీనిని నిరాశగా తలంపనక్కరలేదు. ఇచ్చట పెరిగిన పిల్లలకు పొరుగు రాష్ట్రము నుండి వచ్చినవారికి లేని బలమొకటి కలదు. వారికి తెలుగుతో పాటు మరాఠీ వచ్చును. విద్యాశాఖ ఉత్తర్వులన్నియు మరాఠీలో వెలువడును; 2020 నాటి చట్టము ప్రకారము మహారాష్ట్రలోని బడులన్నిటను మరాఠీ బోధన తప్పనిసరి. నావంటివారు వచ్చిన తరువాత కూడబలుక్కొని నేర్చుకొన్న మరాఠీని మన చాళ్ళ పిల్లలు గల్లీలోనే నేర్చుచున్నారు. ఉండుటకు ఇల్లును ఇచ్చటనే గనుక మూడేండ్ల గౌరవ వేతనమును వారు కొంత సులభముగా తట్టుకొనగలరు.

గావున తల్లిదండ్రులారా, పిల్లల పేర్లు సకాలమున బడిలో చేర్పింపుడు. ఇల్లు మారినను పట్టీలో పేరు నిలుపుడు. ఖాళీ స్థానముండినచో పాఠశాల నిర్వహణ సమితి సమావేశమున పిల్లల సంఖ్య, ఉపాధ్యాయుల సంఖ్య రెండును వ్రాయించి వినతి పంపుడు. విద్యార్థులారా, నేడు ఎనిమిదవ తరగతిలో నున్న బాలిక పదవ తరగతి, పండ్రెండవ తరగతి ముగించి, రెండేండ్ల శిక్షణ పొందుటకు ఈ సంవత్సరముతో కలిపి ఏడేండ్లు పట్టును. ఆమె టెట్ గెలిచి వచ్చునాటికి ఈ తెలుగు తరగతిలో పిల్లలుండవలెను. ఈ పిల్లలకు పాఠము చెప్పుటకు ఆమె రావలెను. ఈ రెండు పనులును నేటినుండియే ఆరంభింపదగినవి.