చాకుకూ ఒక చోటు కావాలి

కత్తిపీట వాడిన ఇళ్లలో ఒక నియమం ఉండేది. కూరలు తరగడం కాగానే దాన్ని కడిగి, తుడిచి, వాదర గోడవైపు ఉండేలా పడుకోబెట్టేవారు. మడత కత్తిపీటైతే మడిచేసేవారు. దాన్ని అలాగే నిలబెట్టి లేచిపోతే పెద్దవాళ్లు ఊరుకునేవారు కాదు. కత్తిపీట స్థానంలోకి చాకు వచ్చింది గానీ, ఆ నియమం మాత్రం రాలేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో చాకు చెంచాల స్టాండులోనో, గరిటెలతోపాటు డ్రాయర్లోనో, అంట్ల మధ్య సింకులోనో ఉంటుంది. ఈ మూడూ తగని చోట్లే.

పదునైన చాకు అంచు వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అంత పలచని ఉక్కుకు డ్రాయరు లాగినప్పుడల్లా గరిటె కాడలు తగిలితే అంచు ఒక పక్కకు ఒరిగిపోతుంది. కంటికి కనిపించదు, టమాటా తరిగేటప్పుడు తెలుస్తుంది. తొక్క తెగదు, చాకు జారుతుంది, మనం బలం పెడతాం. ఆ బలంతో జారిన చాకు వచ్చేది వేలి మీదికే. పదునున్న చాకుకన్నా మొద్దు చాకుతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. గ్రానైట్ గట్టు మీద నేరుగా తరిగినా ఇదే నష్టం. ఆ రాతిలోని పలుగురాయి కణాలు ఉక్కుకన్నా గట్టివి. చెక్క పలక మీద తరగండి.

పదును తర్వాత తుప్పు. స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పే పట్టదనుకుంటాం. అందులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది. దానికి గాలి తగిలి కంటికి కనిపించని పొర ఏర్పడుతుంది, కాపాడేది ఆ పొరే. ఉప్పూ పులుపూ కలిసిన తడి గంటల తరబడి నిలిచిపోతే ఆ పొర అక్కడక్కడ దెబ్బతిని, చుక్కలు చుక్కలుగా గుంటలు పడతాయి. మాగాయకు మామిడికాయలు తరిగిన చాకును సాయంత్రం దాకా సింకులో వదిలేయకండి. పైగా సబ్బునీళ్ల అడుగున చాకు కనపడదు, అంట్లు తోమే చేతికి తెగేది అక్కడే. కమ్మరి చేసిన మామూలు ఇనుప కత్తికైతే ఆ పొర కూడా ఉండదు. వాడిన వెంటనే కడిగి, ఆరబెట్టి, కొంచెం కొబ్బరినూనె రాయాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ అవసరం.

మరి ఎక్కడ పెట్టాలి? నన్నడిగితే, ఖర్చు లేని అట్ట తొడుగే అందరికీ నప్పుతుంది. పాత నోటుబుక్కు అట్టో, పార్సిలు పెట్టె అట్టో తీసుకోండి. చాకు అలుగుకన్నా అంగుళం పొడవుగా కత్తిరించి, అలుగు చుట్టూ మడిచి, పక్కనా మొన వైపూ టేపు గట్టిగా అంటించండి. మొన వైపు తెరిచి ఉంటే తొడుగు ఉన్నా లేనట్టే. ఇక ఆ చాకు డ్రాయర్లో గరిటెల పక్కనున్నా భయం లేదు. ఒక్కటే షరతు: పూర్తిగా ఆరాకే తొడగాలి. అట్ట తడిని పట్టి ఉంచుతుంది. నానితే పారేసి కొత్తది చేసుకోండి.

గోడకు బిగించే అయస్కాంతపు పట్టీ కూడా మంచిదే, గాలి బాగా తగులుతుంది. చాకును ముందు మొండి వైపు ఆనించి, తర్వాత మెల్లగా వాల్చాలి. తీసేటప్పుడు పదును వైపును ముందు లేపాలి. నేరుగా లాగితే అంచు గీసుకుపోతుంది. పట్టీని స్క్రూలతో, పిల్లలకు అందని ఎత్తులో బిగించాలి. పొయ్యి పైన వద్దు. చెక్క దిమ్మె కొంటే అడ్డగాడులున్నది చూడండి. నిలువు గాడుల్లో అంచు ప్రతిసారీ చెక్కకు రాసుకుంటుంది. ఏదైనా సరే, తడి చాకు దూర్చితే గాడిలో బూజు పడుతుంది.

ఇంకొక్క మాట. అరిగిపోయిన చాకునూ, విరిగిన అలుగునూ ఉత్తినే చెత్తబుట్టలో వేయకండి. ఆ సంచి ఎత్తే పారిశుద్ధ్య కార్మికుల చేతులకు చాలాసార్లు గ్లౌజులు కూడా ఉండవు. మందపాటి కాగితంలో చుట్టి, టేపు వేసి, పైన ‘చాకు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. వీలైతే పాత ఇనుప సామాను కొనేవారి చేతికే ఇవ్వండి.